మసాజ్ చేయించుకునే ముందు నొప్పి ఎక్కడిదో తెలుసుకోండి

సంపాదకుల వారికి నమస్కారం.

మసాజ్ అనే మాట పేపర్లో కనిపించిందంటే చాలావరకు అది ఫలానా చోట స్పా మీద పోలీసులు దాడి చేశారన్న వార్తే అయి ఉంటుంది. దాంతో ఏమవుతోందంటే, మెడ పట్టేసి నెలల తరబడి బాధపడుతున్న ఆడవాళ్ళు కూడా ఒకసారి మసాజ్ చేయించుకుంటానని ఇంట్లో నోరు తెరిచి అనలేకపోతున్నారు, ధైర్యం చేసి వెళ్ళినవాళ్ళేమో అక్కడ బోర్డు మీద ఉన్న పది పేర్లు చూసి ఏది అడగాలో తెలియక, కౌంటర్లో అమ్మాయి ఏది చెబితే అదే చేయించుకుని వస్తున్నారు. నేనూ అలాగే చేసి నెల రోజులు బాధపడ్డాను. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే, కానీ వీలైతే మొత్తం వేయండి.

మాది తాడేపల్లిగూడెం. ఇరవై రెండేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. రెండేళ్ళ కిందట కుడి భుజం పట్టేసింది. మొదట్లో మిషన్ మీద ఎక్కువసేపు కూర్చోవడం వల్లేలే అనుకున్నాను. తర్వాత తల దువ్వుకోవడానికి చెయ్యి లేవడం మానేసింది, పైట వెనక పిన్ను పెట్టుకోవాలంటే ఎవరినో ఒకరిని పిలవాల్సి వచ్చేది, రాత్రి పొరపాటున ఆ పక్కకి ఒత్తిగిలితే ప్రాణం పోయినట్టు మెలకువ వచ్చేసేది. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. పండక్కి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నా అవస్థ చూసి, అమ్మా ఇన్నేళ్ళు మా కోసం కుట్టావు, ఒక్కసారి నీ కోసం ఖర్చు పెట్టుకో అని ఒక మాల్‌లో ఉన్న స్పాకి తీసుకెళ్ళింది.

బోర్డు మీద స్వీడిష్, డీప్ టిష్యూ, థాయ్, బాలినీస్, అరోమా, హాట్ స్టోన్ అని వరసగా పేర్లు, పక్కన రేట్లు. కౌంటర్లో అమ్మాయి అడిగిన ప్రశ్న ఒక్కటే. "ప్రెషర్ సాఫ్టా, మీడియమా, హార్డా ఆంటీ?" అంది. నాకు షుగర్ ఉందా, బీపీ ఉందా, ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళ నుంచి, ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా, ఏ మాత్రలు వేసుకుంటున్నాను, ఇవేవీ అడగలేదు. నొప్పి గట్టిది కాబట్టి గట్టిగా పిసికించుకుంటే పోతుందని నా లెక్క. హార్డ్ అన్నాను. అయితే డీప్ టిష్యూ తీసుకోండి అంది. 2,500 రూపాయలు. లోపల మసాజ్ చేసే పిల్ల మోచెయ్యి పెట్టి నా భుజం రెక్క చుట్టూ నొక్కుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నొప్పిగా ఉందమ్మా అంటే, ముడులు కరుగుతున్నాయి ఆంటీ, ఓర్చుకోండి అంది. ఓర్చుకున్నాను. మర్నాటికి భుజం మీద నీలం మచ్చలు తేలాయి, ఇంటికొచ్చాక మూడు రోజులు మిషన్ చక్రం కూడా తిప్పలేకపోయాను, పెళ్ళి జాకెట్లు వేరేవాళ్ళకి ఇచ్చి కుట్టించాల్సి వచ్చింది. ఆ పిల్లది తప్పని నేననను, తనకి నేర్పింది తను చేసింది. అడగాల్సిన ప్రశ్నలు అడగకుండా నన్ను బల్ల మీద పడుకోబెట్టిన పద్ధతిదే తప్పు.

ఆ తర్వాత మా ఊళ్ళోనే ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆయన చేసిన పని చాలా చిన్నది, కానీ నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ముందు నన్నే చెయ్యి ఎత్తమన్నాడు. భుజం దాకా వచ్చి ఆగింది. తర్వాత నన్ను చెయ్యి వదులుగా వదిలేయమని, తన చేత్తో మెల్లగా పైకెత్తాడు. సరిగ్గా అక్కడే ఆగింది, బీరువా తలుపు సగం తెరుచుకుని అడ్డం పడినట్టు. "చూశారా అమ్మా, మీరు ఎత్తినా అంతే, నేను ఎత్తినా అంతే. ఉత్త కండ నొప్పే అయితే నేను ఎత్తినప్పుడు ఇంకా పైకి వెళ్ళేది. ఇది కీలు చుట్టూ ఉన్న పొర బిగుసుకుపోవడం" అన్నాడు. దాన్నే ఫ్రోజెన్ షోల్డర్ అంటారట, షుగర్ ఉన్నవాళ్ళకి ఎక్కువగా వస్తుందట. ఎంత నొక్కినా పైన ఉన్న కండలు నలుగుతాయే గానీ లోపలి పొర సాగదు. వేడి కాపడం పెట్టుకోవడం, గోడ మీద వేళ్ళతో మెల్లగా పాకించడం, ముందుకి వంగి చేతిని గడియారం లోలకంలా ఊపడం, షుగర్ అదుపులో పెట్టుకోవడం, ఇవీ ఆయన చెప్పినవి. రోజూ వేళ్ళు ఎంత ఎత్తుకి పాకాయో గుడ్డ మీద మార్కింగ్ చేసే సుద్దతో గోడ మీద గీత గీసేదాన్ని. మొదటి గీతకీ చివరి గీతకీ మధ్య మూరెడు దూరం, తొమ్మిది నెలల కాలం. మసాజ్ పూర్తిగా వద్దని కూడా ఆయన అనలేదు. వ్యాయామం ముందు మెడ, భుజం కండలు వదులు కావడానికి తేలిగ్గా ఒక పది నిమిషాలు రుద్దించుకుంటే మంచిదే అన్నాడు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. కొలత తీసుకోకుండా మేం గుడ్డ మీద కత్తెర పెట్టం. మరి ఒంటి మీద చెయ్యి వేసేవాళ్ళు ఏమీ అడగకుండా ఎలా వేస్తారు? మనమైనా ఎలా వేయనిస్తాం?

ఆ తర్వాత నాకు పట్టుదల వచ్చి, కనిపించిన ప్రతి ఒక్కరినీ అడిగి, నాలుగైదు రకాలు నేనే చేయించుకుని చూశాను. నాకు అర్థమైనంత వరకు రాస్తాను.

స్వీడిష్ అనేది నూనె రాసి పొడుగ్గా, నింపాదిగా రుద్దడం, పిండి పిసికినట్టు కండను పిసకడం, అరచేతి అంచుతో తట్టడం. కాళ్ళు చేతుల దగ్గర రుద్దేది గుండె వైపుకి. పేరుకి స్వీడన్ గానీ, ఆ రుద్దుళ్ళకి పేర్లు పెట్టి ఒక పద్ధతిలోకి తెచ్చింది మెట్జ్‌గర్ అనే డచ్ వైద్యుడని చెబుతారు, పేర్లేమో ఫ్రెంచివి, స్వీడన్ వాళ్ళు దాన్ని మామూలుగా క్లాసిక్ మసాజ్ అంటారట. అది పక్కన పెడితే, నిద్ర పట్టకపోవడం, టెన్షన్, ఒళ్ళంతా బరువుగా ఉండటం, ఇలాంటి వాటికి మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఎంచుకోవాల్సింది ఇదే అని నా అభిప్రాయం. గట్టిగా లేదు, డబ్బులు దండగ అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. నొప్పి పుట్టిస్తేనే మసాజ్ అనే నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది.

డీప్ టిష్యూ అంటే పిడికిలి కణుపులతో, మోచేతితో నెమ్మదిగా లోపలి కండల దాకా నొక్కడం. ఒకే కండ నెలల తరబడి బిగుసుకున్నవాళ్ళకి, ఆటలాడేవాళ్ళకి, బరువులు మోసేవాళ్ళకి ఇది పనికొస్తుంది, ఒకటి రెండు రోజులు ఒళ్ళు నొప్పిగా ఉండటం మామూలే. కానీ రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు, ఎముకలు గుల్లబారాయని డాక్టరు చెప్పినవాళ్ళు దీని జోలికి పోకూడదు. మా వయసు ఆడవాళ్ళలో ఎముకల సంగతి ఎంతమందికి తెలుసు? పడి చెయ్యి విరిగేదాకా తెలియదు.

థాయ్ మసాజ్ దారే వేరు. నూనె ఉండదు, బట్టలు విప్పక్కర్లేదు, వదులు పైజమా చొక్కా ఇచ్చి కింద పరుపు మీద పడుకోబెట్టి అరచేతులతో, బొటనవేళ్ళతో, ఒక్కోసారి మోకాళ్ళతో నొక్కుతూ, కాళ్ళు చేతులు లాగుతూ, వంచుతూ చేస్తారు. మనం ఏమీ చేయకుండా ఎవరో మన చేత యోగాసనాలు వేయిస్తున్నట్టు ఉంటుంది. బ్యాంకాక్‌లోని వాట్ ఫో గుడి ఈ విద్యకి పేరుమోసిన చోటు, 2019లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. బట్టలు విప్పడానికి ఇబ్బంది పడే మా లాంటి వాళ్ళకి ఇది బాగుంటుంది, రోజంతా కుర్చీలో కూర్చునే పిల్లలకి ఇంకా బాగుంటుంది. కానీ డిస్క్ జారినవాళ్ళు, మోకాలు మార్పిడి చేయించుకున్నవాళ్ళు, ఎముకలు బలహీనంగా ఉన్నవాళ్ళు ఆ లాగుళ్ళకి పనికిరారు.

పాదాల రిఫ్లెక్సాలజీ గురించి ఒక్క మాట. అరికాలి బొమ్మ వేసి ఇక్కడ కాలేయం, ఇక్కడ కిడ్నీ అని చూపిస్తారు. అక్కడ నొక్కితే కాలేయం బాగుపడుతుందనడానికి రుజువు లేదు, కాలు నొక్కి రోగం చెప్పేస్తామనేవాళ్ళని అసలు నమ్మకండి. రోజంతా నిలబడే షాపుల్లో పిల్లలకి మాత్రం ఆ అరగంట స్వర్గంలా ఉంటుంది, అది నిజం. షుగర్ వల్ల అరికాళ్ళకి స్పర్శ తగ్గినవాళ్ళు చెప్పకుండా కూర్చోకూడదు, కాళ్ళు ముంచే నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో, ఎంత గట్టిగా నొక్కుతున్నారో వాళ్ళకి తెలియదు కదా. ఇక హాట్ స్టోన్, అరోమా లాంటివి చాలావరకు స్వీడిష్‌కే వేడి రాళ్ళో, సువాసనో కలపడం.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. మసాజ్ మనకి కొత్తదేం కాదు. భోగి నాడు, దీపావళి నాడు నువ్వుల నూనె పట్టించి తలంటి పోయడం, పెళ్ళిలో నలుగు పెట్టడం, బాలింతకి వావిలాకు నీళ్ళు పోయడం, పసిపిల్లని కాళ్ళ మీద వేసుకుని నూనె రాసి ఒళ్ళు సాగదీయడం, ఇవన్నీ అవే. ఆయుర్వేదంలో నూనె పట్టించడాన్ని అభ్యంగం అంటారు, పొడులతో కింది నుంచి పైకి రుద్దడాన్ని ఉద్వర్తనం అంటారు, మన నలుగు దానికి చెల్లెలు లాంటిది. రోజూ అభ్యంగం చేసుకోవాలి, తలకి, చెవులకి, పాదాలకి ముఖ్యంగా రాయాలి అని అష్టాంగహృదయం అనే పాత ఆయుర్వేద గ్రంథంలో ఉందని అందరూ చెబుతారు. ఆ వెంటనే, కఫం పెరిగినవాళ్ళు, వాంతులు, విరేచనాలు చేయించి ఒళ్ళు శుభ్రపరిచే శోధన చికిత్సలు అప్పుడే చేయించుకున్నవాళ్ళు, అజీర్ణంతో ఉన్నవాళ్ళు చేసుకోకూడదు అని కూడా ఉందని మాకు ఆయుర్వేద డాక్టరమ్మ చెప్పింది. ఎవరికి వద్దో అంత పాత రోజుల్లోనే రాసి పెట్టారు, ఇప్పటి బోర్డుల మీద మాత్రం ఆ వరస లేదు.

మా అమ్మకి మోకాళ్ళు అరిగాయి. ఆవిడని ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రికి తీసుకెళ్తే పత్ర పోట్లి చేశారు, కేరళ వాళ్ళు ఇలకిళి అనేది అదే. వావిలాకు, ఆముదం ఆకు, జిల్లేడాకు, చింతాకు తరిగి, కొబ్బరి తురుము, నిమ్మకాయ ముక్కలు కలిపి నూనెలో వేయించి గుడ్డలో మూట కడతారు. ఆ గదంతా కొబ్బరి వేగిన వాసన. చేసే ఆవిడ ఆ మూటని పెనం మీద వేడిచేసి, ముందు తన అరచేతి వెనక ఆనించి చూసుకుంది. ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ ఆనించి చూసుకుని, అప్పుడు అమ్మ మోకాలికి తాకించి, "మామ్మా, వేడి సరిపోయిందా, ఎక్కువైందా?" అని అడిగింది. మూట తీసి మళ్ళీ వేడిచేసిన ప్రతిసారీ అలాగే తన చేతికి ఆనించుకుంది, ఒక్కసారి కూడా మరిచిపోలేదు. మాల్‌లో ఏసీ గదిలో నేను పెట్టిన 2,500 రూపాయలకి అలా అడిగినవాళ్ళు లేరు. దానికి ముందే డాక్టరమ్మ ఎక్స్‌రే చూసింది, బీపీ చూసింది, ఆ రోజు మోకాలు ఎర్రగా వాచి వేడిగా ఉందేమో చూసింది, అలా ఉంటే ఈ కాపడం చేయరట. అమ్మ మోకాళ్ళు కొత్తవైపోలేదు. అరిగింది అరిగిందే. కానీ పొద్దున్నే మంచం దిగేటప్పుడు పట్టుకునే బిగుతు తగ్గింది, గుడి మెట్లు ఎక్కుతోంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విజయవాడ, వరంగల్, తిరుపతిలో ఆయుర్వేద కళాశాలలు, వాటికి ఆసుపత్రులు ఉన్నాయి, రంగురంగుల బోర్డుల కంటే ముందు అక్కడ అడగండి. అక్కడ చూసేది ఐదున్నరేళ్ళు చదివిన డాక్టర్లు.

ఇక భయపడాల్సిన సంగతులు. మా ఆడపడుచు మామగారికి తుంటి ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నప్పుడు ఒక కాలి పిక్క వాచి గట్టిపడింది. ఇంట్లోవాళ్ళు నరం పట్టిందనుకుని ఆవనూనె వేడిచేసి రుద్దబోతుంటే, అదృష్టం బాగుండి డ్రెస్సింగ్ మార్చడానికి వచ్చిన నర్సమ్మ చూసి ఆపింది. రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ తీస్తే సిరలో రక్తం గడ్డ కట్టింది. రుద్ది ఉంటే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉండేదని, అప్పుడు మనిషి దక్కడం కష్టమని డాక్టరు చెప్పాడు. ఒక కాలే వాచినా, పిక్క వేడిగా, గట్టిగా ఉన్నా, అందులోనూ ఆపరేషన్ తర్వాతో, పిండికట్టు తర్వాతో, కాన్పు తర్వాతో, దూర ప్రయాణం తర్వాతో అయితే దయచేసి ఎవరూ చెయ్యి వేయకండి. నేను ఈ ఉత్తరం రాయడానికి ఇది ఒక్కటి చాలు.

రెండోది మెడ విరవడం. సెలూన్‌లో క్షవరం అయ్యాక తల మీద తబలా వాయించి, గడ్డం పట్టుకుని మెడ టక్కున తిప్పుతారు, ఆ చప్పుడు వింటేనే హాయని మా ఆయన అనేవారు. మెడలోంచి మెదడుకి వెళ్ళే రక్తనాళాలకి ఆ కుదుపుతో గాయమైతే పక్షవాతం రావచ్చు. అరుదే. వచ్చినవాడికి అరుదు కాదు కదా. మెడని వెనక్కి వంచి ఉంచినా ఇబ్బందే, 2022లో హైదరాబాద్‌లో ఒక యాభై ఏళ్ళ ఆవిడకి బ్యూటీ పార్లర్‌లో తల కడిగించుకుంటుండగా కళ్ళు తిరిగి వాంతులై, చివరికి అది బ్రెయిన్ స్ట్రోక్ అని తేలిన సంగతి అప్పట్లో అన్ని పేపర్లలో వచ్చింది. తల మసాజ్ చేయించుకోండి, ఎంతసేపైనా చేయించుకోండి. మెడ మాత్రం తిప్పొద్దని ముందే చెప్పండి. మా ఆయన ఇప్పుడు కుర్చీలో కూర్చోగానే ఆ మాటే ముందు చెబుతున్నారు.

ఒంట్లో విషాలన్నీ బయటికి పోతాయని బోర్డుల మీద రాస్తారు. ఆ పని చేసేది కాలేయం, కిడ్నీలు. మసాజ్ చేయగలిగింది వేరే ఉంది, అది తక్కువేమీ కాదు. మూడు నెలలు దాటిన నడుంనొప్పికి ఏమేం చేయొచ్చో 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలు ఇచ్చింది, అందులో వ్యాయామంతో పాటు మసాజ్ కూడా ఉంది. కాకపోతే మసాజ్ ఒక్కటే చాలదు. రుద్దించుకున్న హాయి రెండు మూడు రోజులు ఉంటుంది, ఆ హాయిగా ఉన్నప్పుడే లేచి నడవాలి, సాగదీసుకోవాలి. లేదంటే వారం వారం డబ్బులు కట్టడమే మిగులుతుంది.

వెళ్ళేవాళ్ళు తమంతట తామే నాలుగు మాటలు చెప్పుకోవాలి, వాళ్ళు అడగకపోయినా సరే. నాకు ఫలానా జబ్బు ఉంది, ఫలానా మాత్రలు వేసుకుంటున్నాను, ఫలానా చోట ఆపరేషన్ అయింది, కడుపుతో ఉన్నాను. జ్వరంగా ఉన్నప్పుడు, చర్మం మీద పుండ్లు ఉన్నప్పుడు వెళ్ళకూడదు. తిమ్మిర్లు ఉన్నా, చెయ్యో కాలో పట్టు తప్పుతున్నా ముందు డాక్టరు, తర్వాతే మసాజ్. మధ్యలో నొప్పి పుడితే ఆపమనండి, ఓర్చుకోమంటే లేచి వచ్చేయండి. నేను లేచి రాలేకపోయాను, ఇచ్చిన డబ్బు పోతుందని, వాళ్ళేమనుకుంటారో అని. ఆడవాళ్ళకి ఆడవాళ్ళే చేయాలని అడగడానికి మొహమాటపడకండి, కేరళ ఆయుర్వేద కేంద్రాల్లో మొదటి నుంచీ అదే పద్ధతి.

చివరగా మీకు ఒక విన్నపం. మీ ఆరోగ్యం పేజీలో ఒక రోజు ఒక ఫిజియోథెరపిస్టుని, ఒక ఆయుర్వేద డాక్టరుని, ఒక ఎముకల డాక్టరుని కూర్చోబెట్టి, ఏ నొప్పికి ఏ రకం మసాజ్, ఎవరికి ఏది వద్దు అన్నది పెద్ద అక్షరాలతో ఒక పట్టికలా వేయండి. నా దగ్గరికి జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళలో మెడ మీద చెయ్యి వేసుకుని కూర్చోనివాళ్ళు తక్కువ. మీరు వేసిన రోజు ఆ కాగితం కత్తిరించి, సుద్ద గీతలు ఉన్న ఆ గోడ మీదే అంటిస్తాను.

ఇట్లు,
ఒక టైలరు, తాడేపల్లిగూడెం